అవతలి గట్టు ధర: ఉత్తర లావోస్‌లో రబ్బరు దారి వెంట

సోమవారం, హువాయ్‌సాయ్

థాయిలాండ్‌లోని చియాంగ్ ఖోంగ్ నుంచి లావోస్‌లోని హువాయ్‌సాయ్‌కి రావాలంటే ఒకప్పుడు మెకాంగ్ మీద పడవే దిక్కు. 2013 డిసెంబరులో నాలుగో మైత్రీ వంతెన తెరిచాక నాబోటి విదేశీయులు బస్సెక్కి వంతెన మీదుగా దాటాల్సిందే. బస్సు ప్రయాణం నిమిషాల్లో ముగుస్తుంది. ఆ నిమిషాల్లోనే ఎదురుగా చైనా నంబరు ప్లేట్లున్న లారీలు వరసగా పోయాయి. చాలావాటి వెనుక శీతల కంటెయినర్లే.

ఈ లారీల దారి పేరు ఆర్3ఏ. బ్యాంకాక్‌ను చైనాలోని కున్మింగ్‌తో కలిపే రహదారిలో లావోస్ భాగం ఇది, 2008లో పూర్తయింది. హువాయ్‌సాయ్ దగ్గర మొదలై బోతెన్ దగ్గర చైనా సరిహద్దును తాకుతుంది. మధ్యలో ఉన్నది 230 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. సరుకు లారీకి ఒక పూట ప్రయాణం. నేను మాత్రం వారం తీసుకోదలచుకున్నాను. దారి పక్కన ఏ పంట ఉందో, ఎవరి కోసం ఉందో, అంతకు ముందు అక్కడ ఏముండేదో చూడాలన్నదే ఈ ప్రయాణం.

2023లో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ఒక అధ్యయనం వచ్చింది. 1993 నుంచి ఆగ్నేయాసియాలో రబ్బరు కోసమే 40 లక్షల హెక్టార్లకు పైగా అడవి పోయిందని అందులో తేల్చారు. అంతకుముందు వేసుకున్న లెక్కలన్నీ దీనికన్నా బాగా తక్కువ. ఆకు రాల్చే కాలంలో రబ్బరు తోట పైనుంచి చూస్తే మామూలు ఆకురాల్చు అడవిలాగే కనిపిస్తుంది, చిన్న రైతుల తోటలైతే మరీ ముక్కలుముక్కలుగా ఉంటాయి. అందుకే ఇంతకాలం లెక్కకు అందలేదు. ఆ పటంలో లావోస్ ఉత్తరపు అంచు చూశాకే ఈ ప్రయాణం ఖాయం చేసుకున్నాను.

బస చేసిన చోట గది అద్దె మూడు కరెన్సీల్లో రాసి ఉంది: లావోస్ కిప్, థాయ్ బాత్, చైనా యువాన్. ఏదిచ్చినా తీసుకుంటారా అని అడిగితే యజమానురాలు నవ్వి, కిప్ తప్ప ఏదైనా మంచిదేనంది. 2021లో డాలరుకు 9 వేల చిల్లర కిప్‌లు వచ్చేవి. 2023 నాటికి 20 వేలు దాటాయి. సొంత డబ్బు చేతిలోనే కరిగిపోతుంటే, యువాన్‌లో కొనే వాడి కోసం పంట వేయడం ఆశకు సంబంధించిన విషయం కాదు, జాగ్రత్తకు సంబంధించినది.

మంగళవారం, బొకియో పల్లపు పొలాలు

వ్యానుతోపాటు డ్రైవరు కూడా కుదిరాడు. ముప్పై దాటని ఖ్ము తెగ యువకుడు, లువాంగ్ నమ్‌థా రాష్ట్రంలోని నాలే జిల్లావాడు. థాయ్ బాగా వచ్చు, ఇంగ్లీషు సరిపడా వచ్చు, మాట్లాడడం అంతకన్నా బాగా వచ్చు. తన భాషలో పెద్దవాళ్లను పిలిచినట్టే నన్నూ మొదటి గంటలోనే అన్నను చేసేశాడు.

పొద్దున మెకాంగ్ ఒడ్డు వెంట ఉత్తరంగా, తోన్‌ఫెంగ్ వైపు వెళ్లాం. గోల్డెన్ ట్రయాంగిల్ ప్రత్యేక ఆర్థిక మండలి క్యాసినో గోపురాలు దూరం నుంచే మెరుస్తాయి. వాటి గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు, నేను ఆగలేదు. నేను చూడాలనుకున్నవి అరటి తోటలు.

ఇవి కొండల మీద లేవు. ఒకప్పటి వరి మళ్లలో ఉన్నాయి. 2008 తర్వాత చైనా కంపెనీలు, దళారులు ఊరూరా తిరిగి పల్లపు పొలాలను ఏళ్ల తరబడి కౌలుకు తీసుకున్నారు. అందుకు కారణం చైనా నేలలోనే పుట్టింది. హైనాన్, గ్వాంగ్‌డాంగ్‌లలోని కావెండిష్ రకం అరటి తోటలకు పనామా తెగులు సోకింది. టీఆర్4 అనే ఆ రకం శిలీంధ్రం ఒకసారి మట్టిలో చేరితే దశాబ్దాల పాటు పోదు, దానికి మందు లేదు. తెగులు లేని నేల కావలసి వచ్చింది. లావోస్ పల్లపు నేలల్లో నీరుంది, రోడ్డుంది, తెగులు లేదు. కొన్నేళ్లకు అదీ వచ్చేసింది, 2014లో లావోస్‌లోనూ టీఆర్4ను గుర్తించారు.

ఒక తోట అంచున గెలలు శుభ్రం చేసే షెడ్డు ఉంది. లోపలికి రానివ్వరనుకున్నాను, ఎవరూ అడ్డు చెప్పలేదు. గెలలు చెట్టు మీదే నీలం ప్లాస్టిక్ సంచుల్లో ఉంటాయి. కోసిన గెలను భుజానికి ఎత్తుకోరు, తోట మధ్యగా లాగిన ఇనుప తీగకు తగిలించి షెడ్డు దాకా నెట్టుకొస్తారు. కాయ ఎక్కడా ఒరుసుకోకూడదు, మచ్చ పడితే ధర పడిపోతుంది. షెడ్డులో అత్తాలు విడదీసి నీటి తొట్టిలో వేస్తారు, ఆ తర్వాత శిలీంధ్రనాశని కలిపిన మరో నీటిలో తడుపుతారు. తొట్టి పక్కన ఉన్నావిడ మోచేతుల దాకా తడిసి ఉంది. ఒక చేతికే తొడుగు. రెండోదేదని డ్రైవరు అడిగితే చిరిగిపోయిందని చెప్పింది. తూనికలో లెక్క చూసి అట్టపెట్టెలో సర్దుతున్న కుర్రాళ్లు కొండ ఊళ్ల హ్మోంగ్, ఖ్ము పిల్లలు. సీజనంతా తోటలోనే రేకుల గదుల్లో ఉంటారు.

కలుపుకు ఇక్కడ విస్తారంగా వాడినది పారాక్వాట్. ఆ ద్రావణాన్ని చైనా తన నేల మీద 2016లో నిషేధించింది, ఎగుమతికి తయారుచేయడం మాత్రం ఆపలేదు. కూలీలు జబ్బు పడుతున్నారని, వాగుల్లో నీరు చెడిందని లావోస్ ప్రభుత్వ సంస్థే తేల్చాక, 2017 నాటికి కొత్త అరటి తోటలకు అనుమతులు నిలిపేశారు. పాతవి కౌలు గడువు దాకా సాగుతున్నాయి.

అరటికీ అడవికీ ఏం సంబంధమని తోవలో నాకే సందేహం వచ్చింది. మధ్యాహ్నం ఒక ఇంట్లో జిగురన్నం, చేప పులుసు పెట్టిన ఇల్లాలు ఆ సందేహం తీర్చింది. కౌలు డబ్బుతో ఇంటికి రేకులు మార్చారట, ట్రాక్టరు కొన్నారట, బియ్యం కూడా కొనుక్కుంటున్నారట. "కానీ కొన్న బియ్యం తినాలంటే మనసొప్పదు, మా మరిది కొండ మీద మెట్టవరి వేస్తున్నాడు" అంది. ఆ కొండ మీద అంతకు ముందేముందని అడిగాను. చేత్తో గాలిలో అలా ఊపింది, ఏదో ఉంది అన్నట్టుగా.

బుధవారం, ఆర్3ఏ మీద

హువాయ్‌సాయ్ దాటితే రోడ్డు కొండెక్కుతుంది. ఎడమ పక్కన నమ్ కాన్ అడవులు మొదలవుతాయి. పశ్చిమ నల్లజుట్టు గిబ్బన్లనే తోకలేని కోతులు ఇక్కడ ఇంకా ఉన్నాయని 1997లో మళ్లీ గుర్తించారు. చెట్ల మీద కట్టిన ఇళ్లలో పర్యాటకులను ఉంచి, ఆ డబ్బుతో కాపలా మనుషులను పెట్టే పద్ధతి తర్వాత వచ్చింది, అడవి కొంత నిలబడింది. గిబ్బన్ అరుపు వినాలంటే తెల్లవారుజామున ఉండాలి, మేం చేరేసరికి పదకొండయింది. లారీల హారన్లు విన్నాం.

ఇవాళ్టి ప్రయాణంలో చూసిన వాటికన్నా విన్నదే ఎక్కువ. డ్రైవరు తన ఊరి సంగతి ఎత్తుకున్నాడు. నాలేలో వాళ్లది పోడు వ్యవసాయం. చెట్లు కొట్టి, ఎండబెట్టి, వానల ముందు కాల్చి, ఆ బూడిదలో మెట్టవరి గింజలు పొడుస్తారు. ఒకటి రెండేళ్లు పండించి వదిలేస్తారు, మరో ముక్కకు వెళతారు. అతని తాత కాలంలో వదిలిన నేలకు పది పదిహేనేళ్లకు గానీ తిరిగి వచ్చేవాళ్లు కారు. 1990లలో ప్రభుత్వం భూమి, అడవుల కేటాయింపు చేపట్టి చాలాచోట్ల కుటుంబానికి మూడు ముక్కలకు మించి పోడు చేయకూడదంది. మూడు ముక్కలంటే మూడేళ్లకే మొదటి దానికి తిరిగి రావాలి. అడవి లేవకముందే మళ్లీ కొట్టాలి. నేల సారం తగ్గింది, కలుపు పెరిగింది, దిగుబడి పడింది. అప్పుడు పోడు అడవిని తినేస్తోందని అధికారులే తీర్మానించారు. కాలికి సంకెల వేసి కుంటివాడని పేరుపెట్టినట్టుంది నాకు.

"మా నాన్న ముక్క ఒకటి మిగిలింది అన్నా" అన్నాడు మధ్యలో. "ఊరికి దూరం, ఎవరూ అడగలేదు. 2016లో ఆఖరుసారి వరి వేశాం. ఇప్పుడు లోపలికి దారి కూడా లేదు."

దానిలో ఏముందో వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. వెదురు, అడవి అరటి, పేరు తెలియని మాను చెట్లు, కింద నీడలో మాక్ నేంగ్ అనే ఏలకి జాతి మొక్క. దాని కాయలు ఎండబెట్టి అమ్ముతారు, చైనా మందుల కోసం కొంటారు. వానాకాలంలో వాళ్ల అమ్మ అక్కడి నుంచే వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు తెస్తుంది. మొన్న ఆమె అక్కడ అడవికోడి పిల్లలను చూసిందట. పట్టా ఉందా అని అడిగాను. లేదన్నాడు. ఉత్తర లావోస్‌లో ఇలాంటి నేలకు ఎవరి దగ్గరా పట్టా ఉండదు. అందులో శాశ్వతమైన చెట్టు నాటినవాడిదే అది.

ఆ చివరి మాట నోట్ బుక్కులో కింద గీత గీసుకున్నాను. తర్వాతి నాలుగు రోజులూ ఎక్కడికి పోయినా అదే ఎదురైంది.

గురువారం, హాత్ న్యావ్

లువాంగ్ నమ్‌థా పట్టణానికి దగ్గర్లోనే హాత్ న్యావ్ అనే హ్మోంగ్ ఊరు ఉంది. ఉత్తర లావోస్ రబ్బరు కథ రాసేవాళ్లందరూ ఇక్కడి నుంచే మొదలుపెడతారు. 1994లో ఈ ఊరివాళ్లు రబ్బరు నాటారు. ఏ కంపెనీ చెప్పి కాదు. సరిహద్దు అవతల సిప్సోంగ్‌పన్నాలో, అంటే చైనా పటాల్లోని షిష్వాంగ్‌బన్నాలో, వాళ్ల చుట్టాలున్నారు. అక్కడ 1950ల నుంచే ప్రభుత్వ క్షేత్రాల్లో రబ్బరు వేశారు, 1980ల తర్వాత రైతులూ వేసి పక్కా ఇళ్లు కట్టారు. పెళ్లిళ్లకు వెళ్లొచ్చినవాళ్లు ఆ ఇళ్లు చూశారు. 2002 ప్రాంతంలో హాత్ న్యావ్ చెట్లు పాలివ్వడం మొదలైంది, డబ్బు కనిపించింది. ఆ తర్వాత ఈ ఊరికి అధికారులు, కంపెనీ మనుషులు, పక్క జిల్లాల రైతులు బస్సుల్లో వచ్చి చూసిపోయారు.

మేం వెళ్లిన ఇంటి పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. డ్రైవరు ఆయనను తాతా అని పిలిచి మా రాక చెప్పాడు. సిమెంటు మేడ, కింద వరండాలో రబ్బరు ముద్దల బస్తాలు, వాటి నుంచి కుళ్లిన జున్నులాంటి కంపు. మనవరాలు రాజధాని వియంటియాన్‌లో నర్సు చదువుతోందని మొదటే చెప్పాడు. కొండ మీద ఉన్నప్పుడు ఏం పండించేవారని అడిగితే మొహమాటం లేకుండా నల్లమందు అన్నాడు.

నల్లమందు కూడా ఈ కథలో పక్కది కాదు. ఫ్రెంచివాళ్లు ఇండోచైనాను ఏలినప్పుడు నల్లమందు వ్యాపారం సర్కారు గుత్తాధిపత్యం, ఖజానాకు పెద్ద రాబడి. పోయినవాళ్లు పోయారు, పంట మిగిలింది. లావోస్ 2006లో నల్లమందు నుంచి విముక్తమైనట్టు ప్రకటించుకుంది. అదే ఏడాది చైనా, ఉత్తర మయన్మార్‌లోనూ లావోస్‌లోనూ గసగసాల సాగుకు బదులు వేరే పంటలు వేసే తన కంపెనీల కోసం ఐదేళ్లకు 25 కోట్ల యువాన్ల నిధి కేటాయించింది. దానితోపాటు సుంకం లేకుండా దిగుమతి చేసుకునే కోటాలు ఇచ్చింది. అప్పటికి చాలా కొండల మీద గసగసాల సాగు మానేశారు. బదులు పంట మాత్రం వచ్చింది, ఎక్కువచోట్ల అది రబ్బరే.

కంపెనీలు తెచ్చిన ఒప్పందాలకు ఇక్కడ అంకెల పేర్లు. రెండు ప్లస్ మూడు అంటే నేల, శ్రమ రైతువి. పెట్టుబడి, సాంకేతికత, మార్కెట్ కంపెనీవి. ఒకటి ప్లస్ నాలుగు అంటే రైతుది నేల మాత్రమే. రబ్బరు పాలు రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో కూలి చేసి కూడా డబ్బు చూడకుండా ఉండగలిగినవాళ్లు తక్కువ కనుక, మొదటి ఒప్పందం కాగితం మీద మొదలై చాలా ఊళ్లలో రెండో దానిలోకి జారింది. 2000ల దశకం నుంచి ప్రభుత్వ నినాదం భూమిని పెట్టుబడిగా మార్చడం. పోడు బీళ్లు ప్రభుత్వ పత్రాల్లో నిరుపయోగ భూములు కనుక వాటిని ఇవ్వడంలో ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు. 2007లో పెద్ద కౌళ్లను ఆపారు, 2012లో రబ్బరుకు కొత్త అనుమతులను ఇంకోసారి ఆపారు. అప్పటికి కొండలు నిండిపోయాయి.

"కంపెనీ కన్నా మేమే ముందు నాటాం" అన్నాడు తాత, కాస్త గర్వంగానే. "కంపెనీ వస్తుందని తెలిశాక పక్క ఊళ్లవాళ్లు రాత్రికి రాత్రి మొక్కలు పెట్టారు. చెట్టుంటే అది మాది. బీడుంటే అది ఎవరిదైనా."

శుక్రవారం, తెల్లవారుజామున

రెండు గంటలకు తాత కొడుకు లేపాడు. నవంబరు చివరి రోజులు, పొగమంచు, గట్టి చలి. ఈ నెలతో ఇక్కడ కోత ఆగుతుంది, చలికాలంలో చెట్టు ఆకు రాల్చి విశ్రాంతి తీసుకుంటుంది. నుదుటి మీద దీపం కట్టుకుని అతనూ అతని భార్యా చెరో వరసా పట్టారు. నేను అతని వెనుక నడిచాను.

చేతిలో వంగిన మొన ఉన్న చిన్న కత్తి. నిన్నో మొన్నో కోసిన గీత మీద ఎండి అంటుకున్న సన్నని రబ్బరు తాడును ముందు గోటితో లాగి సంచిలో వేస్తాడు, అదీ అమ్ముడుపోతుంది. తర్వాత గీత అంచున కత్తి ఆనించి ఎడమ నుంచి కుడికి ఏటవాలుగా దించుతాడు. చుట్టలా రాలే బెరడు పొర కాగితం కన్నా కొంచెం మందం. అంతకన్నా లోతు దిగితే చెట్టు గాయపడి ఆ చోట బెరడు మళ్లీ సరిగ్గా రాదు. లోతు చాలకపోతే పాలు రావు. కత్తి తీసిన వెంటనే తెల్లని చుక్కలు గీత వెంట పేరుకుని, కొన నుంచి రేకు తూము మీదుగా చిప్పలోకి జారతాయి. చెట్టుకు పది పన్నెండు సెకన్లు. ఆగడు, వెనక్కి చూడడు, తరువాతి చెట్టు. చల్లగా ఉన్నంతసేపే పాలు కారతాయి, పొద్దెక్కితే గడ్డకట్టి గీత మూసుకుపోతుంది. అందుకే ఈ అపరాత్రి పని.

పాలు అమ్మరు, చిప్పలోనే గడ్డకట్టనిచ్చి ముద్దలు అమ్ముతారు. ఎవరికి పడితే వారికి కాదు. సుంకం లేని కోటా చైనా కంపెనీల చేతిలో ఉంటుంది, కోటా అయిపోయిన నెలల్లో కొనేవాళ్లు తగ్గుతారు, ధర తగ్గుతుంది. ఈ రాష్ట్రంలో ఏ తోటకు ఎంత వస్తుందో నిర్ణయించే గది చైనాలోని యునాన్‌లో ఎక్కడో ఉంది.

ధర సంగతి అతను నడుస్తూనే చెప్పాడు. 2011లో ప్రపంచ మార్కెట్లో రబ్బరు కిలో 6 డాలర్లు దాటింది. అప్పుడు వాళ్లు మోటారు సైకిల్ కొన్నారు, మేడకు పునాది వేశారు, వాగు అవతలి బీడు కూడా కొట్టి నాటారు. ఆ కొత్త మొక్కలు కోతకు వచ్చేసరికి ధర 2 డాలర్ల కిందికి పడింది. ఊళ్లో కొందరు చెట్లు నరికి అరటికి ఇచ్చారు, కొందరు కత్తి పక్కన పెట్టి చైనాలో కూలికి పోయారు. ఇతను రెండూ చేయలేదు. ఇతని లెక్కంతా తోట మీదే ఉంది, తోట లెక్కంతా టైర్ల మీద ఉంది. ప్రపంచంలో పండే సహజ రబ్బరులో దాదాపు 70 శాతం టైర్లకే పోతుంది, అన్నింటికన్నా ఎక్కువ కొనేది చైనా.

తెల్లవారాక తోట పగటి వెలుగులో కనిపించింది. కింద గడ్డి లేదు, పొద లేదు, వరసల మధ్య నేల తుడిచిపెట్టినట్టు ఉంది. కలుపుమందు. ఒక్క బుల్‌బుల్ పిట్ట వినిపించింది, అదీ ఊరి వైపు నుంచి. వాగు సంగతి అడిగాను. తన చిన్నప్పుడు మాఘమాసపు ఎండకు కూడా మోకాలి లోతు ఉండేదన్నాడు (నెల పేరు నాది, అతను ఎండాకాలం మొదట్లో అన్నాడు). ఇప్పుడు రాళ్ల మీద అంగలేసుకుంటూ దాటొచ్చు.

శనివారం, నమ్ హా

నమ్ హా రక్షిత అడవి 1993లో ప్రకటించింది. 2,200 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, చైనా సరిహద్దు దాకా. 1999లో యునెస్కో సాయంతో ఇక్కడ గ్రామీణ పర్యాటకం మొదలుపెట్టారు, అడవి నిలిచి ఉంటేనే ఊరికి ఆదాయం అనే లెక్కతో. ఆ లెక్క పనిచేసిన ఊళ్లున్నాయి. ఇక్కడ ఊరి మార్గదర్శిని తీసుకోకుండా లోపలికి వెళ్లడం కుదరదు. మాతో వచ్చినాయన లాంటెన్ తెగవాడు, మితభాషి. మూడు గంటల నడకలో నా నోట్ బుక్కులోకి ఎక్కినవి రెండే వాక్యాలు. ఒకటి: ఈ మొక్క తినొచ్చు. రెండు: ఆ మొక్క తినకూడదు.

శిఖరం చేరాక చెట్ల సందులోంచి అవతలి లోయ కనిపించింది. మేం నిలబడిన వైపు అడవి కప్పు ఎగుడుదిగుడుగా, ఏ రెండు పచ్చలూ ఒకటి కాకుండా, మధ్యమధ్య తెల్లని మాను కొమ్మలు పైకి పొడుచుకుని. అవతలి వాలు మీద రబ్బరు. శిఖరం నుంచి వాగు దాకా మెట్లు మెట్లుగా చెక్కి నాటారు, దువ్విన తలలా ఉంది. అడవి హద్దు మీద రక్షిత అడవి అని రాసిన బోర్డు ఒకటి వంగి ఉంది.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వచనంలో రబ్బరు తోట కూడా అడవే. పామాయిల్ తోట కాదు, రబ్బరు తోట అవును. చెట్టు ఎత్తు సరిపోయింది, కప్పు శాతం సరిపోయింది, కలప కూడా వస్తుంది కనుక అడవి. లావోస్‌లో 1940లలో 70 శాతం ఉండిన అడవి 2002 నాటికి 41 శాతానికి చేరిందని ప్రభుత్వమే చెప్పింది, 2020 నాటికి మళ్లీ 70 శాతం చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఇలాంటి లక్ష్యానికి ఇలాంటి నిర్వచనం దొరికితే కొండంతా ఒకే చెట్టు నాటి అడవి పెంచామని చెప్పుకోవచ్చు. తొమ్మిదేళ్ల పోడు బీడు మాత్రం ఏ వరసలోనూ పడదు. అది వ్యవసాయ భూమీ కాదు, ముదురు అడవీ కాదు. అందుకే దాన్ని కొట్టినప్పుడు అడవి పోయినట్టు చాలా లెక్కల్లో నమోదు కాదు. ఈ కొండల్లో ఎక్కువగా పోయింది అదే. పెద్ద వృక్షాలు కూలిన అడవి కోసం వెతుకుతూ వచ్చిన నాబోటివాళ్లు దాన్ని పక్కనే దాటిపోతారు.

యూరోపియన్ యూనియన్ 2023లో అడవుల నరికివేతకు వ్యతిరేకంగా చట్టం చేసింది. 2020 డిసెంబరు 31 తర్వాత నరికిన నేలలో పండిన రబ్బరు, కాఫీ, కోకో, సోయా, పామాయిల్, పశువులు, కలప అక్కడ అమ్మకూడదు. అమలు వాయిదాలు పడుతూ వస్తోంది. మంచి చట్టమే. కానీ ఆర్3ఏ మీద పోయే లారీ యూరప్ వైపు పోదు. పైగా ఇక్కడి నేల చాలావరకు గడువుకు ముందే రబ్బరు అయిపోయింది.

ఆదివారం, ముయాంగ్ సింగ్

నమ్ హా కొండల మీదుగా వంకరల రోడ్డు దిగితే ముయాంగ్ సింగ్ మైదానం. ఉదయపు సంతలో అఖా స్త్రీలు వెండి నాణేలు కుట్టిన టోపీలతో అడవి ఆకులు, పేము చిగుళ్లు అమ్ముతున్నారు. పేము చిగుళ్లు ఇప్పుడు రెండు రోజుల నడక దూరంలో దొరుకుతాయని ఒకావిడ చెప్పింది, ధర కూడా ఆ నడకకు తగ్గట్టే చెప్పింది.

మైదానమంతా చెరకు. వచ్చే నెలలో కోత, సరుకంతా అవతల చైనాలోని మెంగ్లా వైపు చక్కెర మిల్లులకు. మిల్లు ఏ ఊరి లారీని ఏ రోజు పిలుస్తుందో దాని ప్రకారమే ఇక్కడ పెళ్లి ముహూర్తాలు కూడా పెట్టుకుంటారని డ్రైవరు హాస్యమాడాడు. మైదానం చుట్టూ కొండలు రబ్బరు. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు, ఒకే పంట చూడడంలో ఉన్న విసుగు అదే.

సోమవారం, బోతెన్, నాతుయ్

బోతెన్‌లో ఒకప్పుడు క్యాసినో నడిచింది, మూతపడింది, ఇప్పుడు బహుళ అంతస్తులు లేచాయి. గడియారాలు చైనా సమయం చూపిస్తాయి, దుకాణాల బోర్డులు చైనా లిపిలో ఉన్నాయి. 2021 డిసెంబరు 3న ప్రారంభమైన రైలు ఇక్కడే సొరంగం గుండా సరిహద్దు దాటి, కున్మింగ్ నుంచి వియంటియాన్ దాకా వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు పరుగెడుతుంది. సరుకు రైలు కూడా ఇదే పట్టాల మీద. ఇక్కడ లారీ డ్రైవర్లతో మాట్లాడితే తెలిసింది, ఈ మధ్య అరటి తగ్గింది, రబ్బరు అంతంతమాత్రం, కర్రపెండలం మాత్రం జోరు మీద ఉంది. దేశమంతటా అంతే. చైనా, వియత్నాం, థాయిలాండ్ పిండి మిల్లులు మూడువైపుల నుంచీ లాగుతుంటే కొద్ది ఏళ్లలోనే లావోస్ పంట ఎగుమతుల్లో అది ముందుకొచ్చింది. రబ్బరులా ఏడేళ్లు ఆగక్కర్లేదు, ఏడాదిలో డబ్బు. నేల పీల్చేస్తుంది, రెండు మూడు పంటలకే దిగుబడి పడిపోతుంది, కొత్త నేల వెతకాలి.

తిరుగుదారిలో నాతుయ్ దగ్గర డ్రైవరు వ్యాను ఆపాడు. రోడ్డు పక్క పెద్ద కళ్లం, ముక్కలు కోసి ఆరబోసిన కర్రపెండలం తెల్లగా పరుచుకుని ఉంది, పుల్లని వాసన. పలకల బోర్డు మీద కిలో ధర యువాన్లలో సుద్దతో రాశారు. దాన్ని ఫోటో తీసి బావమరిదికి పంపాడు. మేం నీళ్లు తాగి లేచేలోపే ఫోను మోగింది. వాళ్ల మాటల్లో ఊరి పేరు రెండుసార్లు వినిపించింది.

కళ్లంలో బల్ల వేసుకుని కూర్చున్న గుమాస్తా లావో కుర్రాడే. విత్తనపు కర్రలు వానల ముందు అప్పుగా ఇస్తామన్నాడు, పంట తూచినప్పుడు ఆ బాకీ మినహాయించుకుంటారు. పంట వీళ్లకే అమ్మాలి. రిజిస్టరు తెరిచి డ్రైవరు పేరు, జిల్లా, ఫోను నంబరు రాసుకున్నాడు. ఎంత నేల అని అడిగాడు. ఒకటిన్నర హెక్టార్లు ఉంటుందన్నాడు డ్రైవరు.

"ఇప్పుడు దాంట్లో ఏముంది?"

"ఏమీ లేదు. బీడు."

గుమాస్తా ఆ గడిలో అడ్డగీత గీసి, తర్వాతి మనిషిని రమ్మన్నాడు.